గెనిమ కాడ

మా డిపార్ట్‌మెంటు బోర్డు మీద
'ప్రాచీన భాషల శాఖ'లో
ప్రా ఎండకు పెచ్చులు లేచి రాలిపోయింది.
కామర్స్ పిల్లోళ్ళు తలుపు కాడ నిలబడి అడుగుతారు,
చీన భాష నేర్పిస్తారంట గదా, ఫీజెంత?

లోపల ముగ్గురం.
ఆదోని నుంచి హులిగెమ్మ,
యాడా సీటు రాక చేరిన మద్దిలేటి,
తుగ్గలి బస్సు దిగి నేను.
నలుగురుంటేనే కోర్సు నడుస్తాదని ఆఫీసోళ్ళు అంటే
దస్తగిరి సార్ హాజరు పట్టీలో
తన పేరు కూడా రాసుకున్నాడు.
రోజూ పిలుస్తాడు. తనే పలుకుతాడు.

హులిగెమ్మ హాస్టల్ మెట్ల మీద
పాళీ విభక్తులు వల్లె వేస్తాంటే
వాచ్‌మన్ చెప్పులు ఇడిసి దూరంగా కూర్చుంటాడు,
ఏం పూజ పాపా ఇది అని.

మొదటి రోజు సార్ బోర్డు మీద
అగ్గి అని రాసినాడు.
ఐదో తరగతిలో ఆ మాటే రాసినందుకు
చెయ్యి తిప్పి పెట్టమని
గెణుపుల మీద స్కేలుతో కొట్టిన టీచరు గుర్తొచ్చింది.
అగ్ని అనాలి, మొరటుదానా.
మా జేజి పొయ్యి ముందర కూర్చొని
బతుకంతా ఊదింది ఆ మొరటు మాటనే.
తప్పు కాదంట అది.
బుద్ధుని కాలం నుంచీ ఆరకుండా వస్తాండాదంట.
బెల్లు కొట్టినా నేను లేయలేదు.

జనవరిలో ఎర్రగుడి గుండ్ల కాడికి పోయినాం.
మా ఊరికి నాలుగు మైళ్ళు.
చిన్నప్పుడు మేకలు తోలుకొచ్చి
ఆ గుండు మీదనే చెనిక్కాయలు ఒలిచి తిన్నా.
పొట్టు పోసింది రాజు మాట మీదని
అప్పుడెవరు చెప్పినారు?

తడి కాగితం రాతికి అతికించి
బ్రష్షుతో తట్టి, మసి అద్దితే
ఒక్కో అక్షరం తెల్లగా లేచింది.
మొదటి వరస ఎడమ నుంచి కుడికి, చక్కగా.
రెండో వరస ఎంత కూడబలుక్కున్నా మాట కాలా.
చెక్కినోడు తాగినాడేమో సార్, అన్నాడు మద్దిలేటి.
సార్ ఏమీ అనకుండా
వేలు కుడి నుంచి ఎడమకు జరిపినాడు.
కుదిరింది.
ఎందుకట్ల రాసినాడు సార్ అంటే,
తలా ఒక కారణం చెబుతారు,
పరీక్షలో అన్నీ రాయండి, అన్నాడు.

ఆ రాత్రి నాయనకు చెప్పినా.
జొన్నరొట్టె తుంచుతా విన్నాడు,
సంతకం కూడా రాని మనిషి.
"గెనిమ కాడికి పొయ్యినాంక
ఎద్దుల్ని ఎత్తుకొచ్చి
మళ్ళా మొదట్లో నిలబెడతామా ఏంది?
ఆడనే మళ్ళిస్తాం.
ఎవరో సేద్యం తెలిసినోడే" అన్నాడు.
ఊరిబిండి ఇంకొంచెం ఎయ్యమన్నాడు.

నోట్సులో రాసుకున్నా.
ఆధారం అనే చోట,
ఈరన్న, రెండెకరాల మెట్ట.

అంత కష్టపడి ఏం చెక్కించినాడమ్మా ఆ రాజు,
అని అడిగింది అమ్మ.
తల్లీ తండ్రీ చెప్పిన మాట వినాలని, అన్నా.
"చూసినావా, రాయే చెబుతాంది.
బీఎడ్ చెయ్యి."

జూన్‌లో తొలకరి పడింది.
జొన్నగిరి చేలల్లో వజ్రాల కోసం
ఆటోలు, పట్టలు, ఊరు తెలీని కార్లు,
టీ అమ్మేటోళ్ళు కూడా వంగి వెతికేటోళ్ళే.
అమ్మా నేనూ తెల్లారకముందే దిగినాం.
మిట్టమధ్యాన్నం ఏదీ కనపడదు.
ఎండ ఏటవాలుగా పడాల,
తల పక్కకు వంచి, కన్ను సగం మూసి,
మట్టిలో మట్టి కానిదాన్ని చూడాల.
అమ్మ నేర్పిన చూపు అది, ఏడేండ్లప్పుడు.
శాసనం ముందర నేను అట్లా వంగితే
ఎవరు నేర్పినారమ్మా అని సార్ అడిగినాడు.
అప్పుడు జవాబు తట్టలా.

ఏమీ దొరకలేదు. అమ్మకు ఒక సోడా బుడ్డి పెంకు.
చేను చివర దాకా పోయినాం.
నడుము పట్టేసింది, ఇంక పోదాం మా, అన్నా.
అమ్మ తల ఎత్తలేదు.
గెనిమ కాడ మళ్ళుకొని
పక్క సాలు పట్టింది.